మళ్లీ బయలుదేరే బండి

2025 ఫిబ్రవరిలో బెంగళూరు దగ్గర ఎలహంక వైమానిక స్థావరంలో జరిగిన ఏరో ఇండియా విమాన ప్రదర్శనను చూడటానికి నేనూ మా మేనల్లుడూ కడప నుంచి చీకటి ఉండగానే కారులో బయలుదేరాము. కడప దాటి రాయచోటి దారి పట్టిన కొంతసేపటికి గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. పాలకోవాకు ఎంత పేరో, బ్రేకులు అందక లోయలోకి జారిపోయిన లారీలకూ అంతే పేరున్న చోటు అది. ఆ ఎక్కుడు మలుపుల్లో మావాడు, అమెరికా ఎఫ్-35 గొప్పదా, రష్యా సుఖోయ్-57 గొప్పదా అన్న వాదనను రెండు పక్షాలూ తానే వహించి నడుపుతున్నాడు. ఆ రెండు విమానాలూ ఒకే మైదానానికి వస్తున్నాయన్న ఉత్సాహంలో అతనికి రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. సుఖోయ్ వైపు వాదన మంచి ఊపు మీద ఉండగా మా కారు డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. బండిని పక్కకు తీసి ఆపేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

రేడియేటరుకు పోయే రబ్బరు గొట్టం పగిలింది. ఎనిమిదేళ్లుగా మార్చని గొట్టం పగలడంలో తయారు చేసినవారి తప్పు కన్నా నా నిర్లక్ష్యమే ఎక్కువ కాబట్టి ఆ బండి పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే నాకు కోపం తెప్పించిన సంగతి వేరే ఉంది. నేను డ్రైవింగు నేర్చుకున్న రోజుల్లో ప్రతి కారులోనూ ఇంజను వేడిని చూపే సూది ఒకటి ఉండేది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ సూది సగం దాటి పైకి జరుగుతోందంటే ఏసీ ఆపి, గేరు తగ్గించి, అప్పటికీ దిగకపోతే ఏదో ఒక చెట్టు నీడన బండిని కాసేపు నిలిపేవాళ్లం. ఈ బండిలో సూది లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, కాలిపోతున్నప్పుడు ఎర్రదీపం, ఆ రెంటి నడుమ ఏమీ లేదు. మదనపల్లె నుంచి టమాటా లోడుతో కడపకు దిగుతున్న లారీ ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. ఇంజను చల్లారేదాకా మూత ముట్టుకోవద్దని డ్రైవరు మమ్మల్ని కూర్చోబెట్టి, తరువాత పాత ట్యూబు నుంచి ఒక పేలిక కోసి, గొట్టం పగిలినచోట నాలుగైదు చుట్లు బిగించి, పైన కట్టుతీగ తిప్పి, తన క్యానులోని నీళ్లు పోసి, లోపల ఒత్తిడి పెరగకుండా రేడియేటరు మూతను పూర్తిగా బిగించవద్దని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "కాలినాంక దీపమెలిగితే ఏం లాభం సార్, కాలకముందర చెప్పల్ల గదా," అన్నాడు. రాయచోటిలో కొత్త గొట్టం వేయించుకుని, ఆలస్యంగానైనా ఆ రోజే ఎలహంక చేరుకున్నాము.

కార్లనూ యుద్ధవిమానాలనూ ముప్ఫయ్యేళ్లుగా వెర్రిగా ప్రేమిస్తున్న మనిషిగా నాకు మొదటి నుంచీ ఉన్న ఒక అనుమానం ఆ ఘాట్‌లో స్థిరమైన అభిప్రాయంగా మారింది. యంత్రాన్ని దాని అత్యధిక వేగంతోనో, బలంతోనో, ధరతోనో కొలవడం పిల్లల ఆట. ఒకసారి పని చేసి ఇంటికి వచ్చిన యంత్రం ఎంత త్వరగా, ఎవరి చేతుల మీదుగా, ఏ సామాను పెట్టి మళ్లీ బయలుదేరగలదు అన్నదే దానికి అసలైన కొలత అని నేను నమ్ముతున్నాను. ఈ కొలత పెట్టి చూస్తే మనం మెచ్చుకునే చాలా యంత్రాలు కాస్త చిన్నవైపోతాయి, మనం వెక్కిరించే కొన్ని పెద్దవవుతాయి.

అంకెల మోజు నాకూ తక్కువేమీ కాదు. చిన్నప్పుడు నా గోడ మీద ఉన్న బొమ్మ అమెరికా నిఘా విమానం ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్‌ది. 1976లో అది గంటకు 3,529 కిలోమీటర్ల వేగం అందుకుంది. గాలిని పీల్చుకునే ఇంజన్లతో, మనిషి నడిపిన విమానాలలో ఆ రికార్డును ఇప్పటికీ ఏదీ దాటలేదు. అయితే ఆ విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడు దాని ఇంధనం చుక్కలు చుక్కలుగా కారేదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. పైన రాపిడి వేడికి లోహం వ్యాకోచించాలి కాబట్టి రేకుల మధ్య సందులు వదలవలసి వచ్చింది. దానికి మామూలు ఇంధనం పనికిరాదు, జేపీ-7 అనే ప్రత్యేక ఇంధనం కావాలి. ఎగిరిన కాసేపటికే గాలిలో ఇంధనం నింపే మరో విమానం దగ్గరకు వెళ్లాలి. శత్రువు దాన్ని ఒక్కసారి కూడా కూల్చలేకపోయాడన్నది నిజమే. అది చేయవలసిన పని కోసం అంత అట్టహాసం అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రతి విమానాన్నీ ఆ గోడబొమ్మ పక్కన నిలబెట్టి మార్కులు వేయడం, పెళ్లి గుర్రాన్ని చూసి ఊళ్లోని కాడెద్దులకు వెల కట్టడం వంటిది.

మనవాళ్లు ఇలా అన్యాయంగా వెల కట్టిన విమానం మిగ్-21. 1963లో భారత వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న ఆ విమానాలు మన దళంలో మొత్తం 870కి పైగా ఎగిరాయి. "ఎగిరే శవపేటిక" అన్న పేరు దానికి పత్రికలు తగిలించాయి, మనమూ ఆలోచించకుండా ఆ మాటను తిప్పి తిప్పి వాడాము. ప్రమాదాలు జరగలేదని నేను అనను. ఎన్నో జరిగాయి, ఎందరో యువకులు పోయారు. అయితే తప్పు ఎక్కడుందో చూడాలి. మిగ్-21 ఒకే ఇంజను ఉన్న, చిన్న త్రిభుజాకారపు రెక్కల విమానం. నేలకు దిగేటప్పుడు కూడా గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో రావాలి. దానికి ముందు నెమ్మదైన శిక్షణ విమానాలు నడిపిన కుర్రవాడిని ఒక్క మెట్టులో అందులో కూర్చోబెట్టాము. నడుమ ఇంకొక మెట్టు, అంటే ఆధునిక జెట్ శిక్షణ విమానం ఒకటి కావాలని 1982లోనే ఒక కమిటీ చెప్పింది. ఆ విమానాల కోసం ఒప్పందం మీద సంతకాలు పడింది 2004లో. హాక్ అనే పేరున్న ఆ విమానాలలో మొదటివి బీదర్‌లో దళంలో చేరింది 2008లో. కమిటీ చెప్పిన నాటికి పుట్టిన బిడ్డ ఆ విమానాలు వచ్చేసరికి తానే పైలట్ అయ్యేంత కాలం గడిచిపోయింది. ట్రాక్టరు మీద స్టీరింగు పట్టడం నేర్చుకున్న పిల్లవాడికి నేరుగా వేగమైన కారు తాళాలు ఇచ్చి, గువ్వలచెరువు ఘాట్ దించుకురమ్మని పంపి, వాడు లోయలో పడితే కారును తిట్టే తండ్రిని మనం ఏమంటాము?

అదే మిగ్-21ను నా కొలతతో చూడండి. సోవియట్ రూపకర్తలు దాన్ని చేసినప్పుడే, కొన్నేళ్లు సైన్యంలో ఉండి ఇంటికి పోయే కుర్రాళ్లు మంచులోనూ బురదలోనూ దాన్ని సిద్ధం చేయవలసి ఉంటుందని తెలిసి చేశారు. అందుకే ప్రపంచంలో పది వేలకు పైగా తయారయ్యాయి, దేశదేశాల ఎండల్లో దుమ్ముల్లో దశాబ్దాల పాటు ఎగిరాయి. దాని ట్యాంకుల్లో పట్టే ఇంధనం తక్కువ, పైలట్‌కు వెనుక వైపు సరిగా కనిపించదు, రాడారు చిన్నది. ఈ లోపాలన్నీ నిజమే. కానీ తన యుగం ముగిసిన తరువాత కూడా ముప్ఫయ్యేళ్లు దానితోనే గడపవలసి రావడం ఆ విమానం చేసుకున్న ఖర్మ కాదు, దాని బదులు మరొకటి సిద్ధం చేసుకోలేకపోయిన మనది. అది వెళ్లిపోయిన తరువాత మనకు మంజూరైన 42 యుద్ధవిమాన స్క్వాడ్రన్లలో, అంటే విమాన బృందాలలో, 29 మాత్రమే మిగిలాయి.

ఇక్కడ ఒక అపార్థం రాకుండా చూసుకోవాలి. నా మాటలు విని కొందరు పెద్దవాళ్లు, "అంతే నాయనా, పాత బండ్లే మేలు," అని తల ఊపుతారు. వారితో నాకు అసలు పొత్తు కుదరదు. అంబాసిడర్ మీద మనవారికున్న ప్రేమ మా ఇంట్లోనూ ఉండేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తెచ్చి 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014లో ఆగిపోయేదాకా పెద్ద మార్పులు లేకుండానే చేసిన బండి అది. మే నెలలో కడప ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి, బండి నడిరోడ్డు మీద ఆగిపోతే, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టి, మంత్రం వేసినట్టు నీళ్లు చిలకరిస్తూ కూర్చునేవాళ్లం. అది మళ్లీ బయలుదేరేది గానీ, అసలు ఆగవలసిన అవసరమే లేని చోట ఆగేది. గుద్దుకుంటే లోపలివారి ఛాతీకి స్టీరింగు కడ్డీ ఎదురయ్యే బండిని బలమైన బండి అనడం కూడా నాకు నచ్చదు. రేకు నలిగితే మనిషి మిగలాలి, రేకు నలగకపోతే ఆ దెబ్బ మనిషి తింటాడు. అదే ఏడాది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800ను నేను అంబాసిడర్ కన్నా ఎన్నో మెట్లు పైన పెడతాను. 1983 డిసెంబరులో మొదలై, 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజనుతో, మన దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడైన ఆ చిన్న బండికి విడిభాగాలు పులివెందులలోనూ బద్వేలులోనూ దొరికేవి, దాన్ని విప్పి బిగించగల కుర్రవాడు ప్రతి షెడ్డులోనూ ఉండేవాడు. పైగా అది ఊరికే ఆగేది కాదు.

ఇంజనుకు పెట్రోలు అందక బండి ఆగడం మాట వచ్చింది కాబట్టి, మోటారు షెడ్డుకూ యుద్ధానికీ ఉన్న చుట్టరికానికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధపు మొదటి ఏళ్లలో బ్రిటిష్‌వారి స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలలో రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను ఉండేది. దానికి ఇంధనాన్ని గాలితో కలిపి పంపే కార్బురేటరు ఉండటం వల్ల, పైలట్ ముక్కును ఒక్కసారిగా కిందికి వంచి దూకబోతే ఇంధనం ఎగదన్ని ఇంజను తడబడేది, కొన్నిసార్లు ఆగిపోయేది. జర్మన్ల మెసర్‌ష్మిట్ 109లో ఇంధనం నేరుగా సిలిండరులోకి చిమ్మే ఏర్పాటు ఉండటం వల్ల వారికి ఈ బాధ లేదు. వెంటబడిన స్పిట్‌ఫైర్‌ను వదిలించుకోవాలంటే వారు ముక్కు వంచి దూకితే సరిపోయేది. దీనికి తాత్కాలికమైన మందు కనిపెట్టిన ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్. 1930లలో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో మోటారుసైకిలును గంటకు 160 కిలోమీటర్లకు పైగా నడిపి పతకం అందుకున్న మహిళ ఆమె. ఇంజనుకు గరిష్ఠంగా ఎంత ఇంధనం కావాలో అంతే పోనిచ్చే చిన్న రంధ్రమున్న లోహపు బిళ్లను ఆమె రూపొందించింది. ఆ బిళ్లను బిగించడానికి విమానాన్ని ఫ్యాక్టరీకి పంపనక్కరలేదు. 1941లో ఆమె, ఆమె చిన్న బృందం ఎయిర్‌ఫీల్డు తరువాత ఎయిర్‌ఫీల్డుకు తిరిగి, విమానాలు నిలిచి ఉన్నచోటే వాటిని అమర్చారు. కొత్త ఇంజను కోసం ఎదురు చూసి ఉంటే ఎన్ని నెలలు పట్టేదో, ఎందరు పైలట్లు పోయేవారో ఊహించవచ్చు. మా లారీ డ్రైవరు చుట్టిన ట్యూబు పేలికకూ ఆమె బిళ్లకూ జాతి ఒక్కటే అంటే పెద్దల్ని తక్కువ చేసినట్టు కాదని అనుకుంటాను.

ఆ మెర్లిన్ ఇంజను గురించే ఇంకొక సంగతి కూడా ఉంది. యుద్ధంలో దాన్ని మాంచెస్టర్ దగ్గర ఫోర్డు కార్ల కంపెనీ చేత కూడా చేయించాలని నిర్ణయించినప్పుడు, ఫోర్డు ఇంజనీర్లు రోల్స్‌రాయిస్‌వారి నమూనా చిత్రాలు చూసి, వీటితో మేము ఇంజన్లు చేయలేము అన్నారట. మా పనితనపు సున్నితం మీకు అందదులే అని రోల్స్‌రాయిస్‌వారు అనుకున్నారు. అసలు ఫిర్యాదు దానికి తలకిందులుగా ఉంది: మీ కొలతలు మరీ వదులుగా ఉన్నాయి, మీరు ఒక్కొక్క భాగాన్నీ ఆకురాయి పెట్టి రుద్ది దాని జతకు సరిపెట్టుకుంటున్నారు, మా దగ్గర లక్ష భాగాలలో ఏది తీసినా దేనికైనా సరిపోవాలి అన్నారు వారు. ఆ చిత్రాలన్నీ తిరగగీసి, ఆ ఫ్యాక్టరీలో 30 వేలకు పైగా మెర్లిన్లు చేశారు. యుద్ధవిమానం కన్నా కారు తక్కువ రకం యంత్రమని తేలికగా మాట్లాడేవారికి నేను ఎప్పుడూ ఈ కథే చెబుతాను. ఏ భాగం తీసి ఏ బండికి పెట్టినా సరిపోవడం అన్నది మామూలు మనుషుల బండి నేర్పిన విద్య, మళ్లీ బయలుదేరడమనే పనికి అదే పునాది.

ఇంజను దగ్గరికి వచ్చేసరికి మన దేశపు కథ కొంచెం బాధాకరంగా ఉంటుంది. 1961 జూన్ 17న బెంగళూరులో మొదటిసారి ఎగిరిన హెచ్ఎఫ్-24 మారుత్‌ను జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ నాయకత్వంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌వారు చేశారు. ఎంత అందమైన విమానమో! ధ్వనిని మించిన వేగం కోసం గీసిన రూపం అది, కానీ ఆ వేగానికి తగిన ఇంజను ఏనాడూ దొరకలేదు. గ్నాట్ అనే బుల్లి విమానంలో ఒకటి పెట్టిన ఆర్ఫియస్ రకపు ఇంజన్లనే ఇందులో రెండు పెట్టి సరిపుచ్చారు. 147 తయారు చేసి ఆపేశారు. అంకెల లెక్కలో అది ఓడిపోయిన విమానం. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున నేల మీది లక్ష్యాలపై దాడికి పోయి, కింది నుంచి తగిలిన తూటాలకు ఒక ఇంజను పోయినా రెండవదానితో స్థావరానికి తిరిగివచ్చిన మారుత్‌లు ఉన్నాయి. నా లెక్కలో దానికి అందుకే మంచి చోటు ఉంది.

తేజస్ విషయంలోనూ ఇంజనే ముడి. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన ఆ విమానం కోసమని మనం 1989లో తలపెట్టిన కావేరి ఇంజనును 2008లో దాని నుంచి విడదీయవలసి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు ఆర్డరు ఇచ్చాము. వాటికి కావలసిన అమెరికా ఎఫ్404 ఇంజన్లలో మొదటిది అందింది 2025 మార్చిలో. విమానం కట్టి నిలబెట్టి, ఇంజను కోసం దారి చూడటమంటే ఏమిటో, ఒక్క సెన్సరు చెన్నై నుంచి రావాలని పది రోజులు షెడ్డులో బండి పెట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. తేజస్‌ను దేశభక్తి పేరుతో ఆకాశానికెత్తేవారు, ఆలస్యం పేరుతో పాతాళానికి తొక్కేవారు ఇద్దరూ ఈ ముడిని వదిలి మిగతావన్నీ మాట్లాడతారు. 2025 నవంబరులో దుబాయ్ ప్రదర్శనలో ఒక తేజస్ కూలి పైలట్ మరణించినప్పుడు, విచారణ మొదలు కాకముందే తీర్పులు చెప్పిన వారిని చూసి నాకు మిగ్-21కు తగిలించిన పేరే గుర్తుకు వచ్చింది.

నా కొలతను దృష్టిలో పెట్టుకునే పుట్టిన విమానం ఏదైనా ఉందా అంటే స్వీడన్‌వారి గ్రిపెన్ ఉంది. యుద్ధం వస్తే తమ ఎయిర్‌ఫీల్డులు మొదటి రోజే పోతాయని స్వీడన్‌వారు ముందే లెక్క వేసుకున్నారు. కాబట్టి అడవుల మధ్య మామూలు రహదారిలో 800 మీటర్ల ముక్క మీద దిగి, ఒక సాంకేతిక నిపుణుడు, అయిదుగురు నిర్బంధ సైనిక సేవలోని కుర్రాళ్లు కలిసి సుమారు పది నిమిషాలలో ఇంధనం, క్షిపణులు నింపి మళ్లీ పైకి పంపగలగాలన్న షరతుతో ఆ విమానాన్ని గీశారు. తొలి గ్రిపెన్లలోని ఇంజను మన తేజస్‌లోని ఎఫ్404 కుటుంబానిదే, దాన్ని తమకు కావలసినట్టు మలుచుకున్నది వోల్వో. రాత్రి బస్సుల పుణ్యాన మన జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలిసిన పేరు. అమెరికావారి ఏ-10 కూడా నాకు ఈ కారణంగానే ఇష్టం. చూడటానికి మోటుగా ఉండే ఆ విమానంలో ఎడమ ఇంజను కుడికి, ఎడమ చక్రపు కాలు కుడికి సరిపోతాయి. దెబ్బతిన్న రెండు విమానాల నుంచి మంచివి ఏరి ఒకదాన్ని నిలబెట్టవచ్చు. మా షెడ్లలో బొలెరోలకు ఇది రోజూ జరిగే పని.

రహదారి మీద విమానం దించడం మనకూ కొత్త కాదు. 2017 అక్టోబరులో ఆగ్రా–లక్నో ఎక్స్‌ప్రెస్‌వే మీద యుద్ధవిమానాలు దిగాయి. మన రాష్ట్రంలో, అప్పటికి బాపట్ల జిల్లాలో ఉన్న కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో సుమారు నాలుగు కిలోమీటర్ల రన్‌వే కట్టి, 2022 డిసెంబరులోనూ 2024 మార్చిలోనూ వైమానిక దళం అక్కడ ప్రయోగాత్మకంగా విన్యాసాలు జరిపింది. అయితే దారి కట్టడం సులువైన సగం. దిగిన విమానాన్ని అక్కడికక్కడే సిద్ధం చేసే మనుషులూ సామానూ ఆ దారి పక్కకు రాగలగడం కష్టమైన సగం.

ఈ తూకంలో ఎఫ్-35 ఎక్కడ నిలుస్తుంది? రాడారుకు చిక్కకపోవడంలో, చుట్టుపక్కల ఏం జరుగుతోందో పైలట్ కళ్ల ముందు ఒకే చిత్రంగా పెట్టడంలో దానికి సాటి వచ్చేవి బహు తక్కువ. కానీ 2023లో అమెరికా ప్రభుత్వపు సొంత తనిఖీ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ ఏడాది మార్చిలో పనికి సిద్ధంగా ఉన్న ఎఫ్-35లు సుమారు 55 శాతం మాత్రమే. మరమ్మతు కేంద్రాలు చాలలేదు, విడిభాగాలు చాలలేదు, అన్నిటికన్నా ముఖ్యంగా మరమ్మతుకు కావలసిన సాంకేతిక వివరాలు సైన్యం చేతిలో కాక కంపెనీల చేతిలో ఉండిపోయాయి. కొన్నవాడు ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం అయినా, బానెట్ తెరవడానికి అమ్మినవాడి అనుమతి కావాలి. మనవాళ్లు 2016లో 36 రాఫేల్ విమానాలకు ఒప్పందం చేసుకున్నప్పుడు 75 శాతం విమానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలన్న షరతును కూడా రాయించుకున్నారు. ధర మీద జరిగిన రాజకీయ రభసలో పడి ఆ షరతును మెచ్చుకున్నవారు తక్కువ. నా దృష్టిలో ఆ ఒప్పందంలో అన్నిటికన్నా తెలివైన పంక్తి అదే.

కార్లలో ఇదే జబ్బు మన వాకిలి దాకా వచ్చింది. మా షెడ్డు భాయ్ ముప్ఫయ్యేళ్లుగా శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పగలిగిన మనిషి. ఇప్పుడు కొత్త కారు వస్తే ముందు స్కానరు పెట్టాలి; కొన్ని కంపెనీల బండ్లకు బయటి స్కానర్లు సగమే చదువుతాయి; సెన్సరు మార్చిన తరువాత కంపెనీ సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటే తప్ప బండి దాన్ని గుర్తించదు. పని తెలిసీ చేయలేని స్థితిలో ఆయన నావైపు చూసి, "పెళ్లాం నాదే, తాళి వాళ్లది అన్నట్టుంది అన్నా," అని ఒకసారి నవ్వాడు. ఇందులో పర్యావరణ నిబంధనలూ భద్రతా అవసరాలూ ఉన్నాయని నాకు తెలుసు. ఇంధనాన్ని చిమ్మే ఇంజక్షను పద్ధతి వచ్చాక ఎండకు బండ్లు ఆగడం పోయిందనీ, ఎయిర్‌బ్యాగు వల్ల బతికిన మనుషులు మన బంధువుల్లోనే ఉన్నారనీ నేను మరిచిపోలేదు. కంప్యూటరు ఉండటం మీద నాకు పేచీ లేదు, దానికి తాళం వేసి తాళంచెవి కొన్నవాడికి ఇవ్వకపోవడం మీదే పేచీ. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీని వేసి, మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది. ఆ మాట చట్టంగా మారేదాకా ఎవరో ఒకరు అడుగుతూ ఉండటం మంచిది.

సీమలో బండ్ల మాట వస్తే బయటివారికి సినిమాల పుణ్యాన గాలిలో పల్టీలు కొట్టే సుమోలు తప్ప మరొకటి గుర్తుకు రాదు. 1994లో వచ్చి పాతికేళ్లు నడిచిన టాటా సుమో ఇక్కడ ప్రధానంగా మోసింది పెళ్లివారిని, తిరుమల యాత్రికులను, కాన్పు నొప్పులు పడుతున్న ఆడవారిని. 2000 నుంచి 2005 దాకా అయిదేళ్లే అమ్మిన టొయోటా క్వాలిస్‌లు ఇరవయ్యేళ్ల తరువాత కూడా మా రోడ్ల మీద నేను చూశాను. రూపం అట్టపెట్టెలా ఉంటుంది, లోపల విలాసం ఏమీ లేదు, కానీ ఆ డీజిల్ ఇంజను ఉన్న బండి పొద్దున తాళం తిప్పితే లేస్తుంది. మూడు సెకన్లలో వంద వేగం అందుకునే కారు వీడియోలు చూసే మా మేనల్లుడికి ఈ మాట రుచించదు. కడప నుంచి మైదుకూరు పోయేలోపు ఆ మూడు సెకన్లు ఎక్కడ వాడతావురా అంటే సమాధానం చెప్పడు.

ఎలహంకలో ఆ రోజు సుఖోయ్-57 ఎగిరినప్పుడు నేనూ నోరు తెరుచుకునే చూశాను. అంత పెద్ద విమానం గాలిలో నిలబడినట్టు ఆగి, పక్కకు ఒరిగి, ఎండుటాకులా తిరుగుతుంటే, నా సిద్ధాంతాలన్నీ కాసేపు నాకే గుర్తు లేవు. అది దిగిన తరువాత తిరుగు ప్రయాణంలో మావాడు నన్ను సరిగ్గా పట్టుకున్నాడు. "మామా, నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది. కానీ మొదటిసారి పోయినోడు తిరిగొస్తే గదా రెండోసారి లేసేది? కంటబడకుండా పోయొచ్చే విమానం కాకుంటే నీ పది నిమిషాల ఇంధనం ఏ గ్రిపెన్‌కు పోస్తావు?" అన్నాడు. మంచి ప్రశ్న. దూరం నుంచే విమానాన్ని పట్టి కూల్చే క్షిపణి వ్యవస్థలున్న ఈ కాలంలో, ఘాట్ మీద లారీ డ్రైవరు ఇచ్చిన పాఠంతో యుద్ధం నెగ్గుతామని నేను అనలేను.

నా దగ్గరున్న జవాబు సగం జవాబే. రాడారుకు చిక్కని ఎఫ్-22ను అమెరికావారు 187 దగ్గర ఆపేశారు. అంత ధనిక దేశానికే అంతకు మించి భరించడం కష్టమైంది. అటువంటివి కొన్ని ఉండి తలుపు తెరవాలి, ఆ తలుపులోంచి రోజూ పోయివచ్చే మామూలు విమానాలు వందల్లో ఉండాలి అని అతనికి చెప్పాను. ఆ తరువాత అతను ఇంకో ప్రశ్న వేశాడు, దానికి నా దగ్గర ఆ సగమూ లేదు. కొన్ని నెలలకు, 2025 ఏప్రిల్‌లో, మన పక్కన కర్నూలు జిల్లాలోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగ క్షేత్రంలో లేజరు కిరణంతో డ్రోనును కూల్చారు; జులైలో అక్కడే డ్రోను నుంచి క్షిపణిని ప్రయోగించారు. రెండు వార్తలూ నాకు పంపి, "తిరిగి రావాల్సిన పనే లేని యంత్రాన్ని నీ లెక్కలో యాడ పెడతావు మామా?" అని రాశాడు. చౌకగా చేసి, పంపి, వదిలేసే యంత్రానికి మరమ్మతుతో పని లేదు, షెడ్డుతో పని లేదు, విడిభాగాలతో పని లేదు. దాని కొలత ఏమిటో నేను ఇంకా ఆలోచిస్తున్నాను. ప్రస్తుతానికి అతనికి సొంతంగా మొదటి కారు కొనుక్కోవాలని ఉంది, వాడిన బండే చూస్తున్నాడు. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి షెడ్డు భాయ్ దగ్గరికి వెళ్తున్నాము. సూది ఉన్న బండి అయితేనే తీసుకుంటానని అతనే అన్నాడు.